విడిది విడుచునాడు చీపురెవరిది?

ఈ నెల మాకు వచ్చిన జాబులలో రెండు, ఒకదానికొకటి ఎదురుగా నిలిచి వాదులాడుచున్నట్లున్నవి. మొదటిది విశాఖపట్టణమునుండి వచ్చినది. ఆ సోదరి, భర్తగారు ఉద్యోగము విరమించిన పిదప, సముద్రమునకు దగ్గఱనున్న తమ మేడమీది భాగమును దినముల లెక్కను యాత్రికులకు అద్దెకిచ్చుచున్నారు. “వచ్చినవారు వెళ్లిన పిమ్మట పైకి పోయి చూచుటకే భయముగా నున్నది. చేపలపులుసు గిన్నెలు రెండుదినములనుండి నానుచుండును. తడి తువాళ్లు పరుపులమీదనే పడియుండును. స్నానపుగదిలో ఇసుక దోసిళ్లకొలది యుండును. గిన్నెలు తోమి, ఇల్లూడ్చి, పక్కగుడ్డలు తీసి పొండని కాగితము వ్రాసి గోడకు అంటించిన తప్పా?” అని ఆమె ప్రశ్న.

రెండవ జాబు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమునుండి. ఆ సోదరియు, ఆమె తోడికోడలును కుటుంబములతో సెలవులకు కొండప్రాంతమున ఒక యిల్లు మూడు రాత్రులకు తీసికొనిరి. అద్దెగాక శుభ్రపు రుసుమని 150 డాలరులు వేఱుగ చెల్లించిరి. తీర చూడగా ఫ్రిజ్ తలుపుమీద పదునాలుగు పనుల పట్టిక అంటించియున్నదట: దుప్పట్లు తీయవలయును, తువాళ్లు ఉతుకుయంత్రములో వేయవలయును, నేల ఊడ్వవలయును, పొయ్యి తుడువవలయును, చెత్త వీధిచివఱ తొట్టెలో వేయవలయును. ఇట్లు పదునాలుగు. “కడపటి యుదయమున మగవారు పెట్టెలు కారులో సర్దుచుండిరి. పిల్లలు మంచులో ఆడుకొనుచుండిరి. మేమిద్దఱము రెండు గంటలు ఊడ్చి, తుడిచి, ఉతికితిమి. అయినను పసుపు మరక యొక తువాలున నున్నదని ఆ యింటివారు మాపై చెడుమాట వ్రాసిరి. రుసుము ఎందుల కిచ్చితిమి? సెలవు ఎవరికి వచ్చినది?” అని ఆమె యడుగుచున్నారు.

ఈ రెండవ ప్రశ్నలోని చివఱి మాట మాకు మిగుల నాటినది. దానికడకు వత్తుము. ముందుగా ఈ విడిది యెట్టిదో చూతము.

మనవారికి పరుల యింట నాలుగుదినములు మసలుట క్రొత్త కాదు. పెండ్లివారి విడిది యుండెను. ఆడుపెండ్లివారే యిల్లు కుదిర్చి, కడిగించి, ముగ్గులు పెట్టించి, వియ్యాలవారు వెళ్లిన పిదప మరల కడిగించుకొనెడివారు. మగపెండ్లివారు చీపురు ముట్టుట యను మాటయే లేదు. సత్రముండెను. అచట బాటసారి తన గది తానే ఊడ్చుకొని, మూడు రాళ్లపై వండుకొని, బూడిద యెత్తిపోసి పోవును. పూటకూళ్ల యిల్లుండెను. కన్యాశుల్కములో గిరీశమువంటివాడు తిని, పండి, పైగా పూటకూళ్లమ్మ సొమ్మే వాడుకొని పోయినను, ఊడ్చుపని మాత్రము ఆమెదే. తరువాత హోటళ్లు వచ్చినవి. సొమ్మిచ్చి, తలుపు మూసి, వచ్చిన దారిని పోవుటయే. నేటి యీ అద్దెవిడిది వీనిలో దేనికిని చేరదు. చూపునకు ఇల్లు, వెలకు హోటలు, పనికి సత్రము. తగవంతయు ఇందులోనుండియే పుట్టినది.

దీని పుట్టుక చూచినను ఇదియే తోచును. 2007 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున బ్రయన్ చెస్కీ, జో గెబియా అను ఇరువురు యువకులు, తమ యింటి అద్దె చెల్లించుట కష్టమై, ఊరిలో జరుగు నొక సభకు వచ్చినవారికి హోటళ్లలో చోటు దొరకకుండుట గమనించి, తమ ముందుగదిలో గాలిపరుపులు పఱచి ముగ్గురికి బస యిచ్చిరి. ఉదయము ఫలాహారమును పెట్టిరి. మఱుసటి సంవత్సరము నేథన్ బ్లెచార్జిక్ అను మఱియొకరితో కలిసి దానినే ఎయిర్‌బిఎన్‌బి యను వ్యాపారముగ ప్రారంభించిరి. ఆ తొలి బసలో ఇంటివారు ఇంటనే యుండిరి. ఎవరి కప్పు వారు కడుగుకొనుట, పరుపు చుట్టిపెట్టుట మర్యాదగనే జరిగిపోవును. ఎవరికిని చీటీ వ్రాయ నక్కఱలేదు. మన కేంద్రప్రభుత్వ పర్యాటకశాఖవారి గృహవసతి పథకమున గూడ ఇంటివారు ఆ యింట కాపురముండవలయుననియు, ఒకటి మొదలు ఆఱు గదులవఱకే అద్దెకీయవలయుననియు నియమము పెట్టిరి. అట్టి యిండ్లలో ఈ జగడము తక్కువ. ఇంటివారు ఎక్కడనో యుండి, తాళముచెవి తలుపు ప్రక్క పెట్టెలో నుంచి, ముఖములు చూచుకొనకుండ బేరము జరిగిన చోటనే పనుల పట్టికలు మొలచినవి. ముఖము చూచి చెప్పలేని మాట కాగితముపై సులువుగ వచ్చును గదా!

ఇక రుసుము సంగతి. శుభ్రపు రుసుము దినమునకింత యని గాక బసకింత యని యుండును. ఒక లెక్క చూడుడు. రాత్రికి 3000 రూపాయల అద్దెయు, 2000 రూపాయల శుభ్రపు రుసుమును గల యింట ఒక్కరాత్రి యున్నవారికి 5000 రూపాయలగును. ఐదురాత్రులున్నవారికి మొత్తము 17000, అనగా రాత్రికి 3400. మొదటివారు రెండు దుప్పట్లు నలిపి పోదురు; రెండవవారు వంటయింటిని ఐదుదినములు వాడుదురు. రుసుము మాత్రమొకటే. కావున ఒక్కరాత్రివారికి “ఇంత యిచ్చి మరల ఊడ్వవలయునా” యను కోపము వచ్చుట వింత కాదు. వెనుక కొందఱు ఇంటివారు అద్దె తక్కువగ చూపి, రుసుమును పెంచి, బేరము తుదకు వచ్చినపిదప గాని మొత్తము తెలియకుండ చేయుచుండిరి. దీనిపై గోల పెరుగగా 2022 నవంబరులో చెస్కీగారే కలుగజేసికొని, వెదకునపుడే మొత్తము వెల చూపుదుమనియు, విడుచునాడు పక్కగుడ్డలు తీయుట, బట్టలుతుకుట, నేల ఊడ్చుట వంటి పనులు బసచేసినవారిని కోరుట తగదనియు, దీపములార్పుట, మిగిలిన యాహారము పాఱవేయుట, తలుపు తాళము వేయుట వంటివి మాత్రము అడుగవచ్చుననియు ప్రకటించిరి. 2025 ఏప్రిల్ నుండి ఆ సంస్థ అన్ని దేశములలోను మొత్తము వెలనే చూపుట మొదలిడినది. ఆ సంవత్సరమే మే 12వ తేదీనుండి అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌వారి నిబంధన అమలులోనికి వచ్చి, కొద్దిదినముల బసలకు తప్పనిసరి రుసుములన్నియు కలిపి మొదటనే మొత్తము చెప్పితీరవలయునని శాసించినది. వెల విషయమున ఇట్లు కొంత వెలుతురు వచ్చినది. చీపురు విషయమున ఏ శాసనమును చేయలేరు. అది మనము తేల్చుకొనవలసినదే.

మా అభిప్రాయము దాచము. రుసుము పుచ్చుకొన్న యింటివారికి, బసచేసినవారిచేత ఇల్లూడ్పించు హక్కు లేదు. ఒకే పనికి రెండుమాఱులు కూలి తీయుట యది. ఒకమాఱు సొమ్ముగ, ఒకమాఱు చాకిరిగ. పైగా ఆ చాకిరి యెవరి తలకు చుట్టుకొనునో టెక్సాసు సోదరి జాబు చెప్పుచున్నది. పట్టికలో “అతిథులు” అని యుండును. చేయునది ఆ గుంపులోని స్త్రీలు. ఏడాదికొకమాఱు దొరకిన నాలుగుదినముల సెలవులో కడపటి యుదయము వారిదిగాక పోవును. సూర్యోదయము చూతమని పోయిన కొండమీద, సూర్యుడెక్కువఱకు తువాళ్లు మడతపెట్టుచు కూర్చుండుట యేమి విహారము! ఇచట మగవారిని ఒకమాట అనక తప్పదు. కారులో పెట్టెలు సర్దుట ఇరువది నిమిషముల పని. రెండుగంటల పని యెదురుగ జరుగుచుండ, ఆ యిరువది నిమిషములను రెండుగంటలకు సాగదీయు నేర్పు వారికెట్లబ్బినదో మాకు తెలియదు.

అయితే విశాఖపట్టణపు సోదరి యొక్క గోడును ఊరక త్రోసిపుచ్చుట న్యాయము కాదు. సొమ్మిచ్చితిమి గావున ఎంగిలి యెక్కడ పడిన నక్కడ వదలిపోవుదుమనువారు తాము సొమ్ము దేనికిచ్చితిమో తెలిసికొనలేదు. శుభ్రపు రుసుము, ఇల్లు మామూలుగ వాడినపుడగు మాలిన్యమునకు మాత్రమే. మూడుదినముల చేపలపులుసు మామూలు వాడుక కాదు. మన యిండ్లలో అతిథి విస్తరి యెత్తబోయిన మనమే వారించెదము. అది మన మర్యాద. కాని అతిథి యనగా తిథి చెప్పకుండ వచ్చువాడని పెద్దలు చెప్పుదురు. రాకయు పోకయు గంటలతోసహా ముందే కుదుర్చుకొని, వెల యిచ్చి వచ్చినవారు, ఆ పేరుపెట్టుకొని విస్తళ్లు వదలిపోవుట చెల్లదు.

మఱి గీత యెచ్చట గీయవలయును? మేము దీనిని చాలసేపు ఆలోచించితిమి. ఎవరు చేసినను ఇంటివారు మరల చేసితీరవలసిన పనిని బసచేసినవారిచేత చేయించుట వ్యర్థము. స్నానపుగది మనమెంత కడిగి వచ్చినను, క్రొత్తవారు వచ్చుటకు ముందు ఆ యింటివారు మరల కడుగకుండ ఉండగూడదు. నేల యంతే. ఒకరు ఊడ్చిరని నమ్మి వదలివేయు నింటిలో మనము దిగనే దిగము. కావున ఆ చాకిరి గాలికి పోయిన చాకిరి. అట్లుగాక, ఆలస్యమైనకొలది చెడునట్టి పని యొకటి కలదు. మిగిలిన అన్నము, కూరలు, పండ్లతొక్కలు, చేపముండ్లు, తడిసిన బట్టలు: వీనిని వదలినచో చీమలు, ఈగలు, బొద్దింకలు, వాసన, బూజు. ఇవి వదలినవారే తీయవలయును. తడితువాలు పరుపుమీద వేసిన నీరు లోపలికి దిగి పరుపే చెడును. కొయ్యబల్లపై వేసిన మెఱుగు తెల్లబాఱును. తువాలును స్నానపుగదిలో కొక్కెమునకు తగిలించుట అరనిమిషము పని.

మఱియొక తెఱగు పని కలదు. అది సమయమునుబట్టి విలువ పొందునది. అమెరికాలో పాత్రలు తోము యంత్రము ఒకమాఱు తిరుగుటకు గంటకు పైగా పట్టును. బయలుదేఱువేళ పాత్రలందు పెట్టి మీట నొక్కినచో, పనిమనిషి వచ్చువఱకు అవి తోమబడియుండును. మనకది నిమిషము, ఆమెకు గంట. ఇది అడుగుట న్యాయమే, చేయుట ధర్మమే. పక్కగుడ్డలు తీయుట అట్టిదని కొందఱందురు. మే మొప్పుకొనము. దుప్పట్లన్నియు తీసి తడితువాళ్లతో కలిపి కుప్పవేసినచో, ఏది మరకపడినదో, ఏ పరుపునకు తడి తగిలినదో చూచుకొనుటకు వీలులేక పోవును. ఒకదాని రంగు మఱియొకదాని కంటును. అసలు ఎవరును పండుకొనని మంచమేదో చెప్పిపోయిన చాలును. అది దుప్పటి తీయుటకన్న మేలు.

ఇతర దేశముల సంగతి కొంచెము. నార్వే దేశమున 1868లో స్థాపింపబడిన కొండయాత్రికుల సంఘమువారి కుటీరములు అనేకము కావలివాడు లేనివి. యాత్రికులు తాళము తామే తీసి, కట్టెలు కొట్టి, నీరు తెచ్చి, వండుకొని, పాత్రలు కడిగి, నేల తుడిచి, రుసుము నమ్మకముపై చెల్లించి పోదురు. అచట ఊడ్చుట చిన్నతనము కాదు. ఎందుకనగా అచట ఊడ్చుటకు సొమ్మడిగినవారు లేరు. జపానులో 2018 జూన్ 15 నుండి అమలులోనికి వచ్చిన చట్టము ఇట్టి బసలకు ఏడాదికి 180 దినములు మాత్రమే అనుమతించి, పారిశుద్ధ్య భారమును నడుపువారిపై పెట్టినది. చెత్త వేయు విధమును వచ్చినవారికి వివరించుటయు వారి విధియే. ఈ రెండిటిలోను బేరము ముందే స్పష్టముగ నున్నది. సొమ్మా, చీపురా అని తేల్చినపిదప కోపమునకు చోటు తక్కువ.

ఇక మన తెలుగువారి ప్రత్యేకతలు. ఇవి పట్టికలు వ్రాయు అమెరికావారికి తెలియవు, మనము చెప్పుకొనము. మనము పోయినచోట పోపు పెట్టుదుము. ఆవాలు చిటపటలాడి నూనె పొయ్యిచుట్టును పడును. ఇంగువ వాసన తెరగుడ్డలలో నాలుగుదినములుండును. కిటికీ తెఱచి, పొగలాగు పంకా పోపు వేయకముందే తిప్పి, దింపిన పిదప గూడ కొంతసేపు తిరుగనిచ్చిన సగము వాసన పోవును. పొగగంట మ్రోగి ఇరుగుపొరుగువారు పరుగెత్తివచ్చుటయు తప్పును. పొయ్యిమీద పడిన నూనెను వేడి యుండగనే తడిగుడ్డతో తుడిచిన పోవును. ఆఱి గట్టిపడిన తరువాత పనిమనిషి గీకవలయును. మిగిలిన నూనెను, నేతిని తొట్టిలో పోయరాదు. చల్లబడి గొట్టములలో గడ్డకట్టును. కాగితమున ఒత్తి చెత్తలో వేయుడు.

పసుపు అన్నిటికన్న మొండిది. దాని రంగునకు మూలమైన కర్క్యుమిన్ అను పదార్థము నీటిలో కరగదు, నూనెలో కరగును. కూరచేతిని తువాలునకు తుడుచుకొన్నచో నూనెతోగూడ నూలులోనికి దిగును. సబ్బు తగిలినతోడనే ఎఱ్ఱబడుట మనమెల్లరము ఎఱుగుదుము. క్షారము తగిలి రంగు మాఱుటే గాని క్రొత్త మరక కాదు. దానికి మన అమ్మమ్మలు చేసినదే మందు: సబ్బుపెట్టి ఉతికి మండుటెండలో ఆఱవేయుట. ఎండకు పసుపు రంగు వెలిసిపోవును. కాని అద్దెయిండ్లలో ఎండ యెక్కడిది? వేడి యంత్రములో ఆఱబెట్టిన మరక ఇంకను గట్టిపడును. కావున అద్దెకిచ్చిన తెల్లని తువాలును వంటయింటికి తేనే తేరాదు. వంటకు రెండు పాతగుడ్డలు మన పెట్టెలోనే తీసికొనిపోవలయును. తలకు నూనె పెట్టుకొనువారు తలగడపై తమ పాత గలేబు నొకటి వేసికొనిన చాలు. నూనె పూర్తిగ పోని బట్టలను వేడియంత్రములో ఆఱబెట్టి, వేడిమీదనే మడతలు పెట్టి కుప్పవేసినచో, అవి లోలోపల కాగి అంటుకొన్న సందర్భములు బట్టలుతుకు కర్మాగారములలో కలవు. ఇంటివారు నూనెతువాళ్లు చూచి ముఖము చిట్లించుటకు కారణము రోత యొకటే కాదు.

స్నానపుగది అద్దమునకంటించిన బొట్టుబిళ్ల, తూములో చిక్కిన పొడవు వెండ్రుకలు, మెట్లపై రాలిన కుంకుమ: ఇవి చిన్నవి. చూచిన వెంటనే తీసివేయుటకు పది సెకనులు పట్టును. నెలసరి వస్త్రములను, మెత్తలను కాగితమున చుట్టి చెత్తబుట్టలో వేయవలయునే గాని మరుగుదొడ్డిలో వేయరాదని చెప్ప నక్కఱలేదు. అయినను గొట్టములు మూసికొనిపోవుట ఆగలేదు గావున చెప్పుచున్నాము. 2016లో మన ప్రభుత్వము వెలువరించిన నియమములు తడిచెత్త, పొడిచెత్త, హానికరమగు చెత్త వేఱుచేయవలయుననియు, ఈ మెత్తలను చుట్టి పొడిచెత్తలో వేయవలయుననియు కోరినవి. ఇంటివారు రెండు బుట్టలు పెట్టక, ఒకటే బుట్ట పెట్టి, వచ్చినవారు వేఱుచేయలేదని నొచ్చుకొనుట తగదు.

విశాఖపట్టణపు సోదరికి ఇక సూటిగ వ్రాయుచున్నాము. అమ్మా! మీ కాగితము అంటింపకుడు. దానికి బదులు మఱి మూడు పనులు చూచుకొనుడు. ప్రతి మంచమునకు మూడు జతల పక్కగుడ్డలుంచుడు: పఱచినది ఒకటి, ఉతుకులో ఒకటి, బీరువాలో ఒకటి. ఉదయము పదునొకండు గంటలకు ఒకరు వెళ్లి మధ్యాహ్నము మూడు గంటలకు మఱియొకరు వచ్చునింట, నాలుగు గంటలలో అవే దుప్పట్లు ఉతికి ఆఱవేయుట వానకాలమున ఎవరితరము? మేడమెట్ల క్రింద ఒక కుళాయియు, పీటయు పెట్టి, సముద్రస్నానము చేసివచ్చువారు కాళ్లు కడుగుకొని పైకెక్కునట్లు చేయుడు. స్నానపుగదిలో ఇసుక మీరనినదానిలో పదవ వంతైనను ఉండదు. చేపలు వండువారికై మూతగల చెత్తడబ్బా నొకటి వంటయింట నుంచి, దినదినమును ఎవరైన తీసికొనిపోవు ఏర్పాటు చేయుడు. మీరు క్రిందనే యున్నారు. రెండవదినము ఉదయము పైకిపోయి “చెత్త యున్నదా అమ్మా, తీయించెదను” అని యడుగుటలో తప్పులేదు. ముఖము చూచి అడిగిన మాట గోడకాగితముకన్న బాగుగ పనిచేయును. మితిమీఱి పాడుచేసినచో ఛాయాచిత్రములు తీసియుంచుడు. ఎయిర్‌బిఎన్‌బి ద్వారా ఇచ్చినదైనచో, వారు వెళ్లిన పదునాలుగు దినములలోగా అదనపు శుభ్రపు ఖర్చు అడుగుటకు పద్ధతి కలదు.

మీ జాబులో ఒక్క వాక్యమును మేము రెండుమాఱులు చదివితిమి. “పైపని చేయు మనిషి ఈ నెలలో మూడవమాఱు మానివేసెదనన్నది” అని వ్రాసితిరి. ఈ తగవులో మాకు జాబు వ్రాయని స్త్రీ ఆమెయే. టెక్సాసు సోదరి రెండు గంటలు చేసిన పనికి కోపము తెచ్చుకొనిరి. మీరు చూచుటకే భయపడుచున్నారు. ఆమె ప్రతిమాఱును చేయుచున్నది. ఆమెకు మీరిచ్చునది ఇంటికింత యని యైనచో, శుభ్రముగ వదలిన యింటికిని, చేపలపులుసు యింటికిని ఒకటే కూలి. వచ్చినవారి సోమరితనము ఆమె జేబునుండి పోవుచున్నది. గంటకింత యని ఈయుడు. మీరు శుభ్రపు రుసుము తీసికొనుచున్న యెడల అందులో నుండి సబ్బులు, ఉతుకు, విద్యుత్తు పోగా మిగిలినది ఆమెకు చేరుచున్నదో లేదో కాగితముపై లెక్క వ్రాసి చూచుకొనుడు. అదనముగ వసూలుచేసిన సొమ్ము ఆమెదని మా తీర్పు.

మఱియొక ప్రమాదమున్నది. పని తొందరలో మరుగుదొడ్డి కడుగు యాసిడ్‌ను, బ్లీచింగు ద్రవమును ఒకచోటనే పోయువారు కలరు. రెండును కలిసిన క్లోరిను విషవాయువు పుట్టును. చల్లనిగాలి యంత్రముకొఱకు కిటికీలు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను కాల్చును. అద్దములు తుడుచు ద్రవములు కొన్నిటిలో అమోనియా యుండును. అదియు బ్లీచింగుతో కలియరాదు. ఈ సీసాలను వేఱువేఱు అఱలలో పెట్టి, ఆమెకు చూపి చెప్పుడు. కిటికీ తెఱచి, చేతితొడుగులు వేసికొని పనిచేయ చెప్పుడు. ముందు సబ్బుతో మురికి పోగొట్టి, తరువాత క్రిమినాశని పూసి, సీసాపై వ్రాసినంతసేపు తడిగా ఉంచిన గాని అది పనిచేయదు. పోసి వెంటనే తుడిచివేయుట సొమ్ము దండుగ. వచ్చినవారిచేత మరుగుదొడ్డి కడిగింపరాదనుటకు ఇదియు నొక కారణము. క్రొత్త యింట, తెలియని సీసాలతో, ఊరికి పోవు తొందరలో ఎవరేమి కలుపుదురో ఎవరికెఱుక?

గోడకు ఏదియో యొకటి ఉండవలయుననినచో ఈ చీటీ చాలును. తలుపు లోపలివైపు, వెళ్లువారి కంట పడునట్లు అంటింపుడు:

“అయ్యా, అమ్మా! ఇల్లు మేము శుభ్రము చేసికొందుము. మీరు వెళ్లునపుడు మిగిలిన వంటకములు మూతగల డబ్బాలో వేయుడు. ఎంగిలి పళ్లెములు ఒకసారి నీట తొలిపి తొట్టిలో పెట్టుడు. తడి తువాళ్లు కొక్కెములకు తగిలింపుడు. గ్యాసు, దీపములు, కుళాయిలు కట్టుడు. ఏదైన పగిలినను, మరకపడినను చెప్పి పొండు, కోపపడము.”

చివఱి మాట ముఖ్యము. పగిలినది దాచి పోవువారు తఱుచు భయముచేతనే దాచెదరు. చెప్పిన మరక అప్పుడే నానవేయవచ్చును. దాచిన మరక వారమునకు గాని బయటపడదు.

టెక్సాసు సోదరికి: ఆ యింటివారు 150 డాలరులు తీసికొని యొక తువాలునకు మీపై చెడుమాట వ్రాయుట అల్పత్వము. మీరు మీ వంతు అభిప్రాయము వ్రాయుటకు పదునాలుగు దినముల గడువుండును. గడువు దాటకున్నచో, తిట్టక, పట్టికలో ఎన్ని పనులున్నవో, రుసుమెంతయో ఆ రెండు సంఖ్యలే వ్రాయుడు. తరువాత వచ్చు తల్లులకు అవి చాలును. గడువు దాటినను, వారు మీపై వ్రాసినదాని క్రింద నెమ్మదిగ ఒక సమాధానము చేర్పవచ్చును. తువాలు వెల యడిగినచో ఇచ్చివేయుడు. పసుపు మనదే గదా. ఇకముందు ఇల్లు కుదుర్చుకొనుటకు ముందే వెళ్లునాటి పనులేవియో చదువుడు. ఊడ్వుమని యున్నచో మఱియొక యిల్లు చూచుకొనుడు. పెట్టెలో రెండు ముదురురంగు తువాళ్లు, ఒక పోపుగిన్నె, నాలుగు పాత గుడ్డలు పెట్టుకొనుడు. కడపటి యుదయమున ఫ్రిజ్ ఖాళీ చేయుట, చెత్త మోయుట మగవారికి ముందురాత్రియే అప్పగింపుడు. పెట్టెలు మీరును, మీ తోడికోడలును సర్దుడు. ఇరువది నిమిషముల పనియే యది.